ఆరాధనోత్సవ కమిటీల పెద్దలకు: మా పిల్లలకు ముందురోజు ఆ వేదిక మీద ఒక్క గంట ఇవ్వండి

అయ్యా, అమ్మా,

నమస్కారం.

త్యాగయ్యగారు సిద్ధి పొందిన తిథి, పుష్య బహుళ పంచమి దగ్గర పడుతోంది. ఆయన ఐదు పెద్ద కృతులు, పంచరత్నాలు, అందరూ కలిసి పాడే త్యాగరాజ ఆరాధన జరిపే సభల నుంచి, గుడి కమిటీల నుంచి, కాలనీ సంఘాల నుంచి మాలాంటి సంగీతం టీచర్లకు ఫోన్లు మొదలయ్యాయి. "మేడమ్, ఈసారి పంచరత్నాలకు మీ పిల్లలు ఎంతమంది వస్తారు? యాభైకి తగ్గకుండా చూడండి. అందరూ ఒకే రంగు పరికిణీలు వేసుకుంటే ఫొటోల్లో నిండుగా ఉంటుంది." బ్యానర్ మీద మా పేరు ఎలా రాయాలో అడుగుతున్నారు. పిల్లలకు ఇడ్లీ పెట్టించమంటారా, ఉప్మా పెట్టించమంటారా అని అడుగుతున్నారు. ఇంత ఆదరంగా పిలిచే మీరే లేకపోతే మా పిల్లలు పాడేది మా ముందుగదిలో, చాప మీద, నాకొక్కదానికే. ఆ సంగతి మరిచిపోయి ఈ ఉత్తరం రాయడం లేదు.

ఇన్ని అడిగేవాళ్ళు ఒక్కటి మాత్రం అడగరు. పాడబోయే వేదిక మీద, అవే మైకులతో, మైక్‌సెట్ ఆయన తన మిక్సర్ ముందు కూర్చుని ఉండగా, ముందురోజు మీ పిల్లలు ఒకసారి పాడి చూసుకుంటారా అని అడగరు. నేనే అడిగితే వచ్చే జవాబు కూడా నాకు కంఠతా వచ్చు. "ఆరాధనకు రిహార్సల్ ఏమిటమ్మా! ఇదేమన్నా పోటీనా? భక్తి ఉంటే చాలు, స్వామివారే పాడించుకుంటారు."

స్వామికి నైవేద్యమే కదా అని పులిహోరలో పోపు మానేస్తామా? నేను అడుగుతున్నది ఒక్క గంట. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ముందుగా ఆ "సంప్రదాయం" మాట. అందరూ బారులు తీరి కూర్చుని ఒక్క గొంతుతో ఐదు పంచరత్నాలూ పాడటం త్యాగయ్యగారి కాలం నుంచీ వస్తున్న ఆచారమేం కాదు. ఆయన 1847లో సిద్ధి పొందారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన సమాధి ఉన్న తిరువయ్యారులో ఆరాధన చేసేవాళ్ళు పార్టీలుగా చీలి ఎవరికి వాళ్ళు చేసుకునేవారు. ఆడవాళ్ళను పాడనిచ్చేవారు కాదు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తన నగలమ్మి ఆ సమాధి దగ్గర గుడి కట్టించింది, ఆడవాళ్ళను కూడగట్టి విడిగా ఆరాధన జరిపించింది. 1940 ప్రాంతంలో పార్టీలన్నీ రాజీపడ్డాకే ఈ గోష్ఠిగానం పద్ధతి స్థిరపడింది. అంటే ఇది మనుషులు కూర్చుని, మాట్లాడుకుని, ఏర్పాటు చేసుకున్న పని. మహావిద్వాంసులకే ఏర్పాటు అవసరమైంది. ఆరో తరగతి పిల్లలకు అక్కర్లేదా? ఇప్పుడు ఏ ఊరి గోష్ఠిలో చూసినా ముప్పాతిక మంది ఆడపిల్లలే. నాగరత్నమ్మ పుణ్యాన వాళ్ళకు అక్కడ కూర్చుని పాడే హక్కు వచ్చింది. పక్కన కూర్చున్న పిల్ల ఏం పాడుతోందో వినపడే ఏర్పాటు మాత్రం ఇంకా రాలేదు.

మా తయారీ దసరా సెలవులు అయ్యాక మొదలవుతుంది. ఐదు కృతులు, ఐదు రాగాలు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఐదూ ఆదితాళమే కాబట్టి తేలికనుకుంటారు చాలామంది. చరణాలు ముందు స్వరం పాడి, వెంటనే అదే వరుసకు సాహిత్యం పాడాలి. ఒక్కరే నోట్ పుస్తకం చూసి పాడితే పుస్తకం ఏదో ఒక చోట ఆదుకుంటుంది. నలభై మంది పుస్తకాల్లోకి తలలు వంచుకుని పాడితే ఎవరికి వాళ్ళు పాడుతున్నట్టే, తాళం ఎవరూ చూడరు. అందుకని మా దగ్గర సంక్రాంతి లోపల పుస్తకం మూయాల్సిందే అని నియమం.

ఒక్కో కృతికి ఒక్కో చిక్కు. గౌళ రిషభం (రి) మామూలు కన్నా కాస్త కిందికి, వరాళి మధ్యమం (మ) కాస్త పైకి ఉండాలి. అది హార్మోనియం మెట్టు మీద దొరికేది కాదు, తంబూరా చెవిలో పడుతుంటేనే నిలుస్తుంది. ఆరభి కృతిలో ప్రతి చరణం తర్వాత పల్లవికి వెళ్ళకూడదు, "సమయానికి" అనే చోటికి వెళ్ళాలి. మిగతా నాలుగింట్లో పల్లవికే వెళ్ళే అలవాటు కొద్దీ ఏటా నలుగురైనా పల్లవి ఎత్తుకుంటారు. పక్కవాళ్ళు అటు లాగితే మరో నలుగురు కలుస్తారు. ఇక వరాళి రాగం గురువు ముఖతా నేర్పకూడదని ఒక నమ్మకం ఉంది. మా గురువుగారు పాటించేవారు. నేనూ రికార్డింగ్ పెట్టి, పెద్దపిల్లల్ని చెప్పమని, వంటింట్లోకి వెళ్ళిపోతాను. అక్కణ్ణుంచే "మధ్యమం!" అని అరుస్తుంటాను. నాకు ఆ నమ్మకం ఉందా లేదా అంటే ఆ విషయం వదిలేయండి.

మీ సభలో పాడేది ఒక్క టీచరు పిల్లలే కాదు. మూడు నాలుగు చోట్ల నేర్చుకున్నవాళ్ళను కలిపి కూర్చోబెడతారు. ఒక పాఠాంతరంలో, అంటే ఒక గురువు దగ్గర నేర్చిన తీరులో, ఒకే వరుసను రెండు రకాలుగా తిప్పి పాడే సంగతులు రెండున్న చోట ఇంకో పాఠాంతరంలో మూడుంటాయి. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్న గొడవకు నేను రాను. ఎవరి గురుపరంపర వాళ్ళది. కానీ ఒక వేదిక మీద ఒక పూటకైనా ఏదో ఒక దానికి ఒప్పుకోవాలి కదా. ఆ ఒప్పందం ఎప్పుడు జరుగుతోందో తెలుసా? వేదిక వెనక, పిల్లలకు పూలు పెట్టే హడావుడిలో, ఒక టీచరు ఇంకో టీచరుతో "మీరు అనుపల్లవి ఎన్నిసార్లు?" అని అడిగినప్పుడు. అప్పటికి అధ్యక్షులవారు దీపం వెలిగించేశారు.

మన సంగీతంలో పిల్లలకు కలిసి పాడటం నేర్పే సందర్భాలే తక్కువ. సర్టిఫికెట్ పరీక్ష అయినా, డిప్లొమా పరీక్ష అయినా ఒక్కొక్కరే వెళ్ళి పరీక్షాధికారి ముందు కూర్చుంటారు. కచేరీ కూడా ఒక్కరిదే, పక్కవాద్యాలు ఆ ఒక్కరినీ అనుసరిస్తాయి. ఎవరినీ దాటకుండా, ఎవరికీ వెనకబడకుండా, తన గొంతును నలభైలో ఒకటిగా వినడం వేరే విద్య.

ఆ విద్య మనకు కొత్తదీ కాదు. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో బృందం ఎలా ఉండాలో రాసి పెట్టాడు. నలుగురు ముఖ్య గాయకులు, వాళ్ళకు వంతపాడేవాళ్ళు ఎనిమిది మంది, గాయనులు పన్నెండుగురు, వేణువులు నాలుగు, మృదంగాలు నాలుగు ఉంటే అది ఉత్తమ బృందం. మొత్తం ముప్పై రెండు మంది. మీరు అడిగే యాభై కన్నా తక్కువేనని గమనించగలరు. బృందానికి ఆరు గుణాలు కూడా చెప్పాడు. ముఖ్యుణ్ణి అనుసరించడం, గొంతులు కలవడం, తాళంలో లీనమై నడవడం, ఒకరి దగ్గర తెగితే ఇంకొకరు అందుకోవడం, మూడు స్థాయుల్లోనూ పలకగలగడం, అందరి నాదం ఒక్కలా ఉండటం. నాకు బాగా నచ్చేది ఆ నాలుగోది, ఒకరి లోటు ఒకరు పూడ్చడం. దగ్గొచ్చిందనో, ఊపిరి చాలలేదనో, మాట మరిచిపోయిందనో ఒక పిల్ల ఆగుతుంది. పక్కపిల్ల ఆపకుండా పాడుతుంది, ఈ పిల్ల మళ్ళీ ఎక్కుతుంది. బయటికి ఏమీ తెలియదు. కానీ ఆరు గుణాల్లో చాలావరకు ఒక్కదాని మీదే ఆధారపడ్డాయి. పక్కవాళ్ళు వినపడాలి. వినపడకపోతే అనుసరించేది ఎవరిని? పూడ్చేది ఎవరి లోటును?

ఇప్పుడు మీ వేదిక మీదికి వద్దాం.

కల్యాణమండపం వేదిక అనుకోండి, ఒక నలభై అడుగుల వెడల్పు. మృదంగం ఎడమ చివర కూర్చుంటుంది, కుడి చివర పిల్లలు కూర్చుంటారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. ఆ దెబ్బ నేరుగా వాళ్ళ చెవికి చేరడానికి సెకనులో ముప్పయ్యో వంతు పడుతుంది. అది పెద్ద తేడా కాదు, పిల్లలు సర్దుకుంటారు. అసలు ముప్పు ఎదురుగోడ నుంచి వస్తుంది. స్పీకర్లన్నీ జనం వైపే తిరిగి ఉంటాయి. వాటి హోరు హాలు వెనకగోడకు తగిలి తిరిగొస్తుంది. హాలు ఇరవై అయిదు మీటర్ల పొడవుంటే పోను, రాను యాభై మీటర్లు. అంటే సెకనులో ఏడో వంతు ఆలస్యం. తాళం దెబ్బ ఇంచుమించు సెకను అనుకుని, దెబ్బకు నాలుగు స్వరాలు వేసుకుంటే స్వరానికి పావు సెకను. పిల్లలకు వెనకగోడ నుంచి వినిపించే పాట సగం స్వరానికి పైగా వెనకబడి ఉంటుందన్నమాట. వేదిక మీద ఇంకేమీ వినపడనప్పుడు పిల్లలు ఆ పాటనే పట్టుకుంటారు. దానికోసం ఆగుతారు, ఆగేకొద్దీ అది ఇంకా వెనక్కి వెళుతుంది. మృదంగం పక్కన కూర్చున్నవాళ్ళు మాత్రం మృదంగంతోనే పోతారు. పైగా మైక్‌సెట్ కుర్రాడు "ఎకో" కాస్త ఎక్కువే పెడతాడు, పాట "గ్రాండ్‌గా" ఉండాలని.

ఆమధ్య ఒక సభలో అదే జరిగింది. ఏ సభ అనేది అనవసరం. నాట బాగానే వెళ్ళింది, గౌళలో నడక కొంచెం బరువెక్కింది. వరాళికి వచ్చేసరికి వేదిక రెండు ముక్కలైంది. ఎడమ సగం మృదంగంతో ముందు నడుస్తోంది. కుడి సగం అర స్వరం వెనక. స్వరం పాడినంతసేపు అది కాస్త మరుగునపడింది, సాహిత్యం రాగానే మాట మీద మాట పడి బయటపడింది. నేను చెయ్యెత్తి తాళం పెద్దగా వేశాను. మొదటి వరసకు నా చెయ్యి కనిపించింది, మూడో వరసకు మొదటి వరస జడలు కనిపించాయి. మూడో వరసలో మా ఆరో తరగతి పిల్ల ఒకతి ఎడమచేత్తో చెవి మూసుకుని కుడిచేత్తో తాళం వేసుకుంటూ పాడుతోంది. ఎవరూ చెప్పకుండానే దానికి ఆ ఉపాయం తట్టింది. ఇంతలో ఎవరో మైక్‌సెట్ ఆయనకు సైగ చేశారు, ఆయన శబ్దం పెంచాడు. అప్పుడు మైకు కుయ్యిమంది. పిల్లలు బిత్తరపోయి మైకు వైపు చూశారు. శ్రీరాగం మొదలుపెట్టేలోపు అక్కడే మూడు శ్రుతులు నిలబడి ఉన్నాయి.

జనం చప్పట్లు కొట్టారు. పిల్లలు కదా, ముద్దుగా ఉన్నారు. దిగి వస్తుంటే ఆ చెవి మూసుకున్న పిల్ల "టీచర్, మనం తప్పు పాడామా?" అంది. తప్పు ఎవరూ పాడలేదు. ఒక్కొక్కరినీ విడిగా పాడమంటే ఆ క్షణంలోనైనా ఒక్క స్వరం పోకుండా పాడేవాళ్ళే. కలిసి పాడలేదంతే. ఆ మాట పదకొండేళ్ళ పిల్లకు ఎలా చెప్పాలో తెలియక "బాగా పాడారమ్మా, వెళ్ళి టిఫిన్ తినండి" అన్నాను. రాత్రికి ఎవరి నాన్నగారో తీసిన వీడియో వాట్సాప్‌లోకి వచ్చింది. పిల్లలే విన్నారు. ఇక వాళ్ళకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ తర్వాతి వారం క్లాసుకు ఇద్దరు రాలేదు.

మైక్‌సెట్ ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయలేదు. ఆయన రాత్రి ఎక్కడో పెళ్ళి ముగించుకుని, పొద్దున్నే స్పీకర్లు దింపి, వైర్లు లాగి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని తన గొంతుతోనే పరీక్ష చేసి కూర్చుంటాడు. ఆయన గొంతుకు సరిపోయిన మైకు నలభై మంది పిల్లలకు ఎలా సరిపోతుంది? మిక్సర్‌లో ఏ మీట ఎవరిదో ఆయనకు తెలిసేది మేం మొదటి కృతి పాడుతున్నప్పుడే. అంటే నాట రాగం మొత్తం ఆయన పాఠం నేర్చుకునే సమయం. ఆయన నేర్చుకోవడానికి తగిన సమయాన్ని ముందురోజు ఇవ్వమనే అడుగుతున్నాను.

ఆ గంటలో మేం ఏం చేస్తామంటే, ముందు కూర్చునే పద్ధతి తేల్చుకుంటాం. మీకు బుజ్జిపిల్లలు ముందు వరసలో ఉంటే ఫొటో బాగుంటుంది, నాకు తెలుసు. సరే, ముందే కూర్చోబెడతాను. కానీ గట్టిగా, నిలకడగా పాడే పెద్దపిల్లలు వాళ్ళ వెనకే ఉండాలి, వాళ్ళ గొంతు చిన్నవాళ్ళ చెవుల్లో పడాలి. గట్టి గొంతులన్నీ ఒక మూల చేరితే ఆ మూలే పాడుతుంది. వరస పొడుగ్గా సాగదీయకుండా అర్ధచంద్రంలా వంచితే చివరివాళ్ళకు మధ్యవాళ్ళు కనపడతారు. మృదంగం, వయొలిన్ ఒక పక్కన కాకుండా ముందు మధ్యలో ఉండాలి. నేను ఎక్కడ కూర్చోవాలన్నది ప్రతిసారీ వచ్చే తగాదా. పిల్లలకు నా చెయ్యి కనపడాలంటే నేను వాళ్ళ వైపు తిరగాలి. "గురువుగారు జనానికి వీపు పెడితే ఎలాగండీ, అతిథులు కూర్చుని ఉంటారు" అంటారు మీరు. నా వీపు చూడటానికి ఎవరూ రారు, ఒప్పుకుంటాను. పక్కగా, ఏటవాలుగా కూర్చుంటాను. అతిథులకు సగం మొహం, పిల్లలకు పూర్తి చెయ్యి. ఆ కోణం ఎక్కడ కుదురుతుందో కూర్చుని చూస్తే గానీ తెలియదు.

తర్వాత మైకులు. నలభై మందికి నాలుగు మైకులుంటే చాలు, నలభై అక్కర్లేదు. కానీ ఆ నాలుగూ మొదటి వరసలో నలుగురి నోటి ముందు పెడితే బయటికి నలుగురే వినపడతారు. ఆ నలుగురికీ ముక్కు మీద మైకు ఉందన్న టెన్షన్ వేరే. కాస్త దూరంగా, కాస్త ఎత్తుగా, రెండు వరసలకు సమానంగా అందేలా పెట్టాలి. దూరం పెడితే మైకు కూస్తుందంటాడు మైక్‌సెట్ ఆయన. ఆయన మాటా నిజమే. స్పీకర్లు మైకుల కన్నా ముందుకు జరిపితే కూత చాలావరకు తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం పిల్లల వైపు తిప్పిన రెండు చిన్న స్పీకర్లు, మానిటర్లంటారు వాటిని. వాటిలో పిల్లల గొంతులు కాదు, తంబూరా, మృదంగం, వయొలిన్ రావాలి. అవి దగ్గర నుంచి, ఆలస్యం లేకుండా వినపడితే వెనకగోడ ఎంత హోరెత్తినా పిల్లలు దాన్ని పట్టించుకోరు. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా వాళ్ళకు అడగకుండానే అవి పెడతారు. అవే మాకూ పెట్టించండి. ఇక పిల్లలు పాడుతుండగా నేను లేచి హాలు చివరి కుర్చీలో కూర్చుని ఒక్క కృతి వింటాను. టీచరు తన పిల్లల్ని జనం వైపు నుంచి వినగలిగేది ఆ రోజొక్కటే.

ఐదు కృతులూ పూర్తిగా పాడి గొంతులు అలసిపోనివ్వను. ఎత్తుగడలు, ఒక కృతి నుంచి ఇంకో కృతికి మారే చోట్లు, ఆరభిలో ఆ "సమయానికి" దగ్గర, చివరి ముగింపు. ఎక్కడం, దిగడం. అంతే. దీనికి గంట కూడా ఎక్కువేనేమో.

శ్రుతి గురించి ఒక మాట. అతిథిగా వచ్చిన విద్వాంసుడిని మర్యాదకు పిల్లల మధ్యలో కూర్చోబెట్టి "మీరూ కలపండి" అంటారు. మర్యాద మంచిదే. కానీ ఆయనకు ఒకటి, ఒకటిన్నర, అంటే కింది శ్రుతి, హాయి. మా ఆడపిల్లలకు అయిదు, అయిదున్నర. రాజీకని మూడో నాలుగో పెడితే పిల్లలకు కింది స్థాయి అందదు, ఆయనకు పై స్థాయి అందదు. మృదంగం కూడా శ్రుతిని బట్టి మారాలి, అయిదున్నరకు తెచ్చిన మృదంగం ఒకటిన్నరకు దింపలేరు. అందుకని వచ్చే పెద్దలెవరో, వాళ్ళు పాడతారో ఆశీర్వదిస్తారో ముందే చెప్పండి. గొంతు మారే వయసులో ఉన్న మగపిల్లల బాధ నాకు చాలు. పద్నాలుగేళ్ళవాడు నిన్న పాడింది ఇవాళ పాడలేడు. వాణ్ణి పెదవులు కదుపుతూ కూర్చోమంటే సిగ్గుతో మళ్ళీ క్లాసుకు రాడు. వాడి చేతికి తాళం ఇచ్చి, అందిన చోట పాడమంటాను.

ఆరుబయట పందిట్లో పెట్టేవాళ్ళకు ఇంకో సంగతి. పుష్యమాసం సాయంత్రం మంచుకు మృదంగం చర్మం మెత్తబడి శ్రుతి దిగుతుంది. ఏసీ హాల్లో వయొలిన్ తీగలు మారతాయి. కాబట్టి పాడేముందు వాద్యాలవాళ్ళకు కనీసం పావుగంట, ఉపన్యాసం హోరు లేకుండా, శ్రుతి చేసుకునే వీలు ఇవ్వండి. మైకులో ఎవరో "విచ్చేసిన పెద్దలందరికీ" అంటుండగా చెవి దగ్గర తీగ బిగించుకోవడం ఎవరివల్లా కాదు.

ఇక సమయం. ఆరు గంటలకు అని నాలుగింటికే రమ్మంటారు. ఆరున్నరకు అతిథి బయల్దేరారంటారు. దీపం, ప్రార్థన, స్వాగతం, అధ్యక్షోపన్యాసం, సత్కారాలు అయ్యేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి పిల్లలు చదివిందంతా మరిచిపోయి, చెమట పట్టి, నీళ్ళు తాగి తాగి బాత్రూమ్‌కు పరిగెడుతుంటారు. అప్పుడు కార్యదర్శిగారు వచ్చి, "అమ్మా, టైమ్ అయిపోతోంది, రెండు చరణాలు తగ్గించేయండి" అంటారు. చరణాలు తగ్గించడం పుస్తకం చూసి పాడే ఒక్కరికి సాధ్యం. మూడు నెలలు వరసగా పాడి ఒంటికి పట్టించుకున్న నలభై మందికి ఆ నిమిషాన చెబితే ఇరవై మంది తగ్గిస్తారు, ఇరవై మంది తగ్గించరు. తగ్గించక తప్పకపోతే మొత్తం కృతినే వదిలేయమనండి, పాడేవి పూర్తిగా పాడతాం. అన్నిటికన్నా మేలు, పిల్లల పాట అయ్యాక ఉపన్యాసాలు పెట్టుకోండి. ఉపన్యాసం ఆలస్యమైతే గొంతు పోయేదేం లేదు.

యాభై మంది కావాలన్న మాట కూడా కాస్త తగ్గించుకోమని మనవి. 2009లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్ష మందికి పైగా కలిసి అన్నమయ్య కీర్తనలు పాడారు. నేనూ ఆశ్చర్యపోయాను. అది ఆ సంఖ్య కోసమే తలపెట్టిన ఉత్సవం, ఏడు కీర్తనలని ముందే నిర్ణయించుకుని నేర్చుకుని వచ్చారు. మీ హాలు పరేడ్ గ్రౌండ్స్ కాదు. నా దగ్గర పంచరత్నాలు పూర్తిగా వచ్చినవాళ్ళు ఇరవై ఆరుగురే ఉంటే ఇరవై ఆరుగురినే తెస్తాను. మిగిలిన వేదిక నింపడానికి మొదటి పాఠాలైన సరళీస్వరాలు నేర్చుకుంటున్న చిన్నవాళ్ళకు పరికిణీలు కట్టి కూర్చోబెట్టను. వాళ్ళకు రెండు దివ్యనామ కీర్తనలు నేర్పి విడిగా పాడిస్తాను, అదీ మీరు ఒప్పుకుంటేనే.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ముందురోజు హాలు వేరే పెళ్ళికి ఇచ్చి ఉండొచ్చు. అయితే అదే రోజు ఉదయం, పూజ మొదలవకముందు ఇవ్వండి. ఏడింటికి రమ్మన్నా వస్తాం. మైక్‌సెట్‌కు పూటకు అదనంగా అడుగుతాడంటారా, వేదిక మీద కప్పే శాలువాల్లో రెండు మూడు తగ్గిస్తే ఆ ఖర్చు వచ్చేస్తుందని నా అంచనా. మాకు ఇవ్వదలచుకున్న శాలువాతోనే మొదలుపెట్టండి, నేనేమీ అనుకోను. నాతోపాటు వచ్చే మిగతా టీచర్లతో ఇంకా మాట్లాడలేదు, కానీ వాళ్ళూ కాదనరనే అనుకుంటున్నాను. తల్లిదండ్రులు రెండు రోజులు తిప్పమంటే విసుక్కుంటారన్నది నిజం. వాళ్ళకు నేను చెప్పుకుంటాను. పాడుతుండగా ఫోన్లు పట్టుకుని వేదిక మెట్ల మీదికి రావొద్దని మాత్రం మీరు చెప్పండి. నేను చెబితే వినరు.

ఈ ఉత్తరం చదివి ఎవరైనా, "ఈవిడ పెద్ద కచేరీలకు అడిగే ఏర్పాట్లు పిల్లల గోష్ఠికి అడుగుతోంది" అనుకోవచ్చు. కచేరీ విద్వాంసుడు చెడ్డ మైకుతో కూడా నెట్టుకొస్తాడు. ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉంటుంది, తన గొంతు తనకు వినపడకపోతే మైకు ఆయన్ని కోపంగా పిలిచే ధైర్యం ఉంటుంది. మా పిల్లలకు ఆ రెండూ లేవు. వాళ్ళు మైకు ఆయన్ని పిలవరు, చెవి మూసుకుంటారు.

మా వైపు నుంచి మేం తప్పక చేసేవి చెబుతాను. ఏ పాఠాంతరమో సంక్రాంతికి ముందే మిగతా టీచర్లతో కూర్చుని తేల్చుకుంటాం, దానికి మీ ఇంట్లో ఒక గది ఇస్తే చాలు. ఎంతమంది వస్తున్నారో, ఏ శ్రుతో, ఎన్ని మైకులు కావాలో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఒక కాగితం మీద బొమ్మ గీసి మైక్‌సెట్ ఆయనకు వారం ముందే ఇస్తాం. ఫోన్‌లో తంబూరా పెట్టుకుంటే మధ్యలో ఎవరిదో ఫోన్ వస్తుంది గనుక మా ఎలక్ట్రానిక్ తంబూరాలు మేమే తెచ్చుకుంటాం. పిల్లలకు ఆ సాయంత్రం ఏం పెట్టాలో కూడా మేం చూసుకుంటాం. మీరు పెట్టే ఇడ్లీ పాట అయ్యాక తింటారు.

పంచమి ముందురోజు సాయంత్రం అయిదింటికి మా పిల్లలు హాలు దగ్గర ఉంటారు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుందో, కార్యదర్శిగారింట్లో ఉంటుందో చెప్పండి. మైక్‌సెట్ ఆయన ఫోన్ నంబరు కూడా ఇస్తే ఆయనతో నేనే మాట్లాడుకుంటాను.

ఇట్లు,
మీ ఊళ్ళోనే పిల్లలకు సంగీతం చెప్పుకునే ఒక టీచరు